అంకోర్ వాట్‌లో ఆమేన్

ఆ ఆదివారం కాంతం వేసుకున్న కార్యక్రమంలో గొడవకి ఎక్కడా చోటు లేదు. చీకటి ఉండగానే లేవాలి. ఆటోలో అంకోర్ వాట్‌కి వెళ్ళాలి. ఆ పాత గుడి గోపురాల వెనకనుంచి సూర్యుడు పైకి రావడం చూడాలి. ఎండ ముదరకముందే గదికి తిరిగొచ్చి, వెంట తెచ్చుకున్న అటుకులు పెరుగులో నానబెట్టుకుని తిని పడుకోవాలి. సాయంత్రం శ్రీకాకుళంలో ఉన్న భర్త డేవిడ్‌రాజుకి ఫోన్ చేసి, చర్చిలో ఆరాధన ఎలా జరిగిందో కనుక్కోవాలి. అంతే.

కాంతం శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఊళ్ళో సగంమందికి ఆవిడ చేతి సూది పడింది. ఆ చనువుతో కూరల బజారులోను, బస్టాండులోను, ఆఖరికి పెళ్ళిభోజనాల బంతిలోను కూడా జనం ఆవిడ ఎదుట నాలుక చాపుతారు, "ఈ కురుపేటో సూడండి సిస్టరమ్మా" అంటూ చొక్కా ఎత్తుతారు. కాంబోడియా వెళ్దామని పక్కింటి పద్మకుమారి అన్నప్పుడు కాంతం అడిగిన ప్రశ్న ఒక్కటే.

"అక్కడ మనల్ని ఎరిగినోళ్ళు ఎవలైనా ఉంటారేటే?"

"మనల్నెవలెరుగుతారప్పా! కుక్క కూడా ఎరగదు."

"అయితే పద."

పద్మకుమారిది పొందూరు పక్కన వ్యవసాయ కుటుంబం. భర్త జగన్నాధం పొలానికీ శ్రీకాకుళానికీ మధ్య మోటారుసైకిలు మీద తిరుగుతూ కాలం గడుపుతాడు. తనకంటే పెద్దదైన కాంతాన్ని ఆవిడ అక్క వరసలో "అప్పా" అంటుంది. ఖాళీ సమయంలో ఫోన్‌లో వీపుమీద సంచితో దేశాలు తిరిగేవాళ్ళ వీడియోలు చూసీ చూసీ ఆవిడకి ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. సూట్‌కేసు పట్టుకెళ్ళేది పెళ్ళిళ్ళకి, లోకం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు వీపుకి సంచి తగిలించుకోవాలి. అందుచేత ఇద్దరూ చెరో పెద్ద సంచీ కొనుక్కున్నారు. వాటితో మెట్లెక్కడం దిగడం సాధన చేస్తుంటే చూసి డేవిడ్‌రాజు, "దించడానికి మనుషులు కావాలేమో ముందే సెప్పండి" అన్నాడు. ఆయన సంఘానికి కార్యదర్శి. ఏ విషయంలోనైనా ముందుగా భయపడటం ఆయన పద్ధతి.

సంఘం అనుమతి కూడా తీసుకున్నారు. పాస్టరు థామస్ అయ్యగారు కొంచెం సందేహించారు.

"గుడులు చూడ్డానికా అమ్మా?"

"రాళ్ళండి అయ్యగారూ. పాత రాళ్ళు."

"రాళ్ళయితే ఫరవాలేదు."

స్త్రీల సమాజం ఉపాధ్యక్షురాలు రాజకుమారి అక్కడే ఉంది. అధ్యక్షురాలు కాలేకపోయిన ప్రతి ఉపాధ్యక్షురాలి లాగే ఆవిడకీ నిబంధనలంటే మహా గౌరవం. "రాళ్ళే అయితే మన సాలిహుండం కొండమీద లేవేటండీ? దానికి విమానం ఎందుకు?" అని మెల్లగా అంది. థామస్ అయ్యగారు అప్పటికే ప్రయాణం కోసం ప్రార్థన మొదలుపెట్టేశారు. రాజకుమారి దాన్ని మనసులో పెట్టుకుంది.

అదీ వెనకటి సంగతి. ఇక ఆ ఉదయానికి వస్తే, కాంతం పొందూరు ఖద్దరు చీర కట్టుకుంది. తెల్లది, అంచు కూడా లేదు. ఉద్యోగమంతా తెల్లబట్టల్లోనే గడిచిన మనిషి, పైగా ఆ బట్ట ఉతికిన గంటలో ఆరిపోతుంది. కిందటి వానాకాలంలో డెంగీ వచ్చి జుట్టంతా రాలిపోవడంతో తల దగ్గరగా కత్తిరించుకుంది. ఇప్పుడిప్పుడే వేలెడు పొడుగు కూడా లేని నెరిసిన జుట్టు మొలుస్తోంది. ఆ దేశంలో తల గొరిగించుకుని తెల్లబట్టలు కట్టుకునే బౌద్ధ సన్యాసినులు ఉంటారన్న సంగతి కాంతానికి తెలియదు. పద్మకుమారికి తెలుసు, వీడియోలో చూసింది. కాని కాంతాన్ని చూసినప్పుడు అది గుర్తుకి రాలేదు.

సూర్యుడు అనుకున్న చోటినుంచే వచ్చాడు. కొలను ఒడ్డున చేరిన జనమంతా ఫోన్లు పైకెత్తారు. పద్మకుమారి కూడా ఎత్తింది. కాంతం మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, నల్లటి గోపురాల మధ్య ఆకాశం ఎర్రబడటం చూసింది. ఎవరూ ఆవిడకి నాలుక చూపించలేదు. ఎన్నాళ్ళకో ఒక పొద్దు ఇలా తెల్లారిందని ఆవిడకి కడుపు నిండినట్టయింది.

గుడి లోపల మెట్లు నిటారుగా ఉన్నాయి. రెండో ప్రాకారం చేరేసరికి కాంతం మోకాళ్ళు మొరాయించాయి.

"నువ్వెల్లి సూసిరాయే. నేనీ నీడన కూసుంటాను."

"అటేపు గోడమీద దేవుళ్ళూ రాక్షసులూ పాముని పట్టుకుని సముద్రం సిలుకుతున్న బొమ్మ ఉన్నాదంటప్పా. అది సూసి వచ్చేస్తాను. నువ్వెక్కడికీ కదలకు."

"నేనెక్కడికి కదుల్తానే."

ఆ నీడనున్న మండపంలో బుద్ధుడి విగ్రహం ఒకటి ఉంది. దాని పక్కన చాపమీద ఒక ముసలి సన్యాసిని కూర్చుని, వచ్చేవాళ్ళకి చేతికి ఎర్రదారం కడుతోంది. ఎదురుగా దారాల బుట్ట, అగరొత్తులు, పువ్వులు తేలుతున్న నీళ్ళగంగాళం, అందులో ఒక చెంబు. కాంతం ఆవిడకి కొంచెం ఎడంగా కూలబడింది. ముసలావిడ ఈవిడ తల చూసింది, చీర చూసింది, బోసినోటితో నవ్వింది. ఏదో అడిగింది. కాంతానికి అర్థం కాలేదు. ముసలావిడ తన పొట్ట తట్టుకుని, బయటకి చూపించి, బుట్ట చూపించి, చాప చూపించింది. తిండికో మరుగుకో వెళ్ళొస్తుంది కాబోలు, అంతవరకూ బుట్ట చూడమంటోందని కాంతం అర్థం చేసుకుంది. సగం సరిగ్గానే అర్థం చేసుకుంది.

"అలాగే, ఎల్లిరా తల్లీ, నేనుంటాను" అని చాపమీదకి జరిగింది.

ముసలావిడ అటు మలుపు తిరిగిందో లేదో, ఇటునుంచి ఒక ఊరి ఆడవాళ్ళంతా వచ్చారు. ఏ దూరపు జిల్లానుంచో బస్సు కట్టించుకుని యాత్రకి వచ్చినట్టున్నారు. అందరి ముఖాలూ ఎండకి కందిపోయి ఉన్నాయి. కాంతాన్ని చూడగానే మోకాళ్ళమీద కూర్చుని చేతులు జోడించారు. వెనకాలున్న విగ్రహానికి కాబోలనుకుని కాంతం పక్కకి ఒదిగింది. వాళ్ళూ పక్కకి తిరిగారు.

ముందున్నావిడ దారం కట్టమని చెయ్యి చాపింది. చాపిన చెయ్యి కనపడితే కాంతం వేళ్ళు వాటంతటవే నాడిమీదకి వెళ్తాయి. అది ఆవిడ తప్పు కాదు, ఉద్యోగం చేసిన చేతులు. నాడి పట్టుకుని, రెండో చేతి గడియారం వైపు తల వంచి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. వెనకవాళ్ళంతా మెడలు చాచి చూశారు. ఇంత శ్రద్ధగా మంత్రం చదివే సన్యాసినిని వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. లెక్క అయ్యాక కాంతం ఆవిడ కంటిరెప్ప కిందికి లాగి చూసి, "రక్తం లేదమ్మా, ఆకుకూరలు తిను" అంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని దారం చేతికిచ్చింది. ఇచ్చిన దారం ఊరికే పట్టుకోవడం బాగోదని కాంతం కట్టు కట్టినట్టు బిగించి ముడేసింది.

ఆ తరవాత వరస కట్టేశారు. ఒకరు మోకాలు చూపించారు. ఒకరు మెడ చూపించారు. ఒకావిడ వెనక్కి తిరిగి వీపుమీద ఉన్న కురుపు చూపించింది. శ్రీకాకుళం కూరల బజారు తనని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చేసిందని కాంతానికి అర్థమైంది. లేచి పారిపోదామంటే మోకాళ్ళు సహకరించవు, బుట్ట వదిలిపోతే మాట పోతుంది.

వరసలో ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె ఏమీ చూపించలేదు. కాంతం చెయ్యి తీసుకుని తన తలమీద పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడవడం మొదలుపెట్టింది. వార్డులో అలాంటి ఏడుపు కాంతం చాలాసార్లు విన్నది. ఎవరో పోయారు, బహుశా కడుపున పుట్టినవాళ్ళే. దానికి తన దగ్గర మందు లేదు. తెలిసిన పని ఒక్కటే ఉంది. కళ్ళు మూసుకుని, తెలుగులో, తనకి తెలిసిన దేవుడికి ప్రార్థన చేసింది. ఆఖర్న అలవాటు కొద్దీ గట్టిగానే "ఆమేన్" అంది.

"ఆమేన్" అన్నారు అందరూ, రాగం కూడా కలిపి.

ముసలమ్మ కళ్ళు తుడుచుకుని, కాంతం బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. ఆ క్షణం వరకూ కాంతం సంజాయిషీ ఇచ్చుకోవలసిన పనేదీ చెయ్యలేదు.

అప్పుడు వరస మధ్యలో ఒకావిడ కళ్ళు తేలేసి పడిపోయింది.

"జరగండి! గాలి ఆడనియ్యండి!" అని కాంతం తెలుగులో కేకేసింది. హెడ్ నర్సు కేక ఏ భాషలోనైనా పనిచేస్తుంది. అందరూ జరిగారు. ఆవిణ్ణి ఒళ్ళోకి తీసుకుని, గంగాళంలో చెంబు ముంచి, పువ్వులతో సహా నెత్తిమీద కుమ్మరించింది. రెండో చెంబుకి ఆవిడ కళ్ళు తెరిచింది. నలువైపులా చూసి, నవ్వి, లేచి కూర్చుని దణ్ణం పెట్టింది. మండపంలో ఒక్క నిట్టూర్పు వినపడింది. ఆ తరవాత టోపీలు తీసేసి, తలలు వంచి, అందరూ కాంతం ముందుకి జరిగారు. ఎండకి కందిన ఆ తలలు చూసి, వీళ్ళూ పడిపోతారేమోనని కాంతం మళ్ళీ చెంబు ముంచింది.

పద్మకుమారి సముద్రమథనం చూసి సరిగ్గా అప్పుడే వచ్చింది. అప్ప బుద్ధుడి ముందు చాపమీద కూర్చుని, చెంబుతో నీళ్ళు పోస్తోంది. పోసినప్పుడల్లా జనం ఆమేన్ అంటున్నారు. ఆవిడకి నవ్వాగలేదు. నవ్వు ఆగకపోయినా చెయ్యి ఆగలేదు. ఫోన్ తీసి మొత్తం వీడియో తీసింది.

"ఒసే, తీసింది సాలు గానీ, ఈళ్ళకి నిజం సెప్పే! నేనెవల్నో సెప్పు!"

"నాకు ఈళ్ళ భాష వస్తాదేటప్పా? ఆగు, ఆవిడి దగ్గర ఫోన్ ఉన్నాది, అందులో సెప్పు. అదే మార్సి సెప్తాది."

యాత్రికుల్లో కొంచెం చదువుకున్నట్టున్న ఒకావిడ ఫోన్ ముందుకి పెట్టింది. కాంతం గొంతు సవరించుకుని, స్పష్టంగా, "నేను సన్యాసినిని కాను. నాకు భర్త ఉన్నాడు. నేను బాప్టిస్టుని" అంది.

ఫోన్ వాళ్ళ భాషలో ఏదో పలికింది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ గౌరవంగా ఏదో జవాబు చెప్పింది. ఫోన్ ఆలోచించి, ఆడగొంతుతో తెలుగులో అంది: "భర్తను విడిచి, నీటితో శుద్ధి చేయుటకు వచ్చిన తల్లికి మా వందనములు."

"మరింకేటీ సెప్పకప్పా" అంది పద్మకుమారి. "సెప్పినకొద్దీ ఎదుగుతన్నావు."

గొడవేమిటో చూద్దామని యూనిఫారం వేసుకున్న కాపలావాడు వచ్చాడు. వాణ్ణి చూసి కాంతానికి ప్రాణం లేచొచ్చింది, వీడైనా లేవగొట్టేస్తాడని. వాడు కాసేపు చూశాడు. బూట్లు విప్పి వరస చివర కూర్చున్నాడు.

అసలు సన్యాసిని తిరిగొచ్చేసరికి గంగాళం అడుగంటింది. బుట్టలో దారాలు లేవు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని కాసేపు నిలబడి, పడీ పడీ నవ్వింది. కాంతాన్ని లేవనివ్వలేదు. పక్కనే కూర్చుని, జనం తెచ్చి పెట్టిన అరటిపళ్ళలో సగం ఆవిడ కొంగులో పోసింది.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఇద్దరు స్నేహితురాళ్ళు చెప్పుకుని నవ్వుకునే సంగతిగా మిగిలేది. కాని పద్మకుమారి ఆ వీడియోని భర్తకి పంపించింది, "సిస్టరమ్మని సూడు" అని. జగన్నాధం అప్పుడు పొలం గట్టుమీద ఉన్నాడు. ఎండలో ఫోన్ సరిగ్గా కనపడలేదు గానీ, జనం మోకాళ్ళేసి ఉండటం మాత్రం కనపడింది. మనూరి మనిషికి ఇంత గౌరవమా అని ఛాతీ పొంగి, "విదేశాల్లో మన కాంతం సిస్టరుగారి సేవ" అని రాసి, తెలిసినవాళ్ళందరికీ పంపించాడు. సేవ అంటే ఆయన ఉద్దేశం వైద్యం. చర్చివాళ్ళ లెక్కలో సేవ అంటే సువార్త ప్రకటించడమని ఆయనకి తెలియదు.

వీడియో తిరిగి తిరిగి థామస్ అయ్యగారి ఫోన్‌కి చేరేసరికి ఆయన ప్రసంగానికి లేవబోతున్నారు. చూశారు. మోకరించిన జనం, నీళ్ళు, తడిసిన తలలు, ఒక్క గొంతుతో ఆమేన్. ఆయన తయారుచేసుకున్న ప్రసంగం పక్కన పెట్టేశారు.

"మన సహోదరి కాంతమ్మగారు రాళ్ళు చూడ్డానికి వెళ్తానన్నారు" అన్నారు గద్గదంగా. "రాళ్ళలాంటి మనసుల్ని కరిగిస్తున్నారు!"

సంఘమంతా లేచి నిలబడింది. కొందరు ఏడ్చారు. డేవిడ్‌రాజుని ముందుకి పిలిచి ఆయన నెత్తిమీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఆయనకి ఒక్క ముక్క తెలియదు. ఏమైనా మాట్లాడమంటే, "అంతా దేవుని చిత్తం" అన్నాడు. ఆ వాక్యంతో ఎవరికీ ఇబ్బంది ఉండదని ఆయన అనుభవం.

రాజకుమారి మాత్రం లేవలేదు. ఫోన్ తెరమీద రెండు వేళ్ళు పెట్టి బొమ్మని పెద్దది చేస్తోంది. ప్రార్థన అయ్యాక చెయ్యెత్తింది.

"అయ్యగారూ, ఆవిడ వెనకాల పెద్దగా ఎవరో కూర్చున్నారు. ఎవరండీ ఆయన?"

థామస్ అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఆ ఆదివారం ఆరాధన ముగింపు పాట లేకుండానే ముగిసింది.

డేవిడ్‌రాజు ఫోన్ వచ్చేసరికి కాంతం అటుకులు తింటోంది.

"కాంతం, నువ్వేటి సేసేవు?"

"ఏటీ సెయ్యలేదండి."

"ఏటీ సెయ్యకుండానే అంతమంది మోకాళ్ళేసీసేరా?"

"ఎండండి."

"ఎండకి మోకాళ్ళేస్తారా? మన శ్రీకాకుళంలో ఎండ లేదేటి? నా ముందు ఒక్కడైనా ఏసేడా?"

విషయమంతా విన్నాక ఆయన గొంతు తగ్గించాడు. "పొద్దున్న నన్ను దీవించారు. మధ్యాహ్నం నన్ను సూసి తలుపులేసుకుంటన్నారు. నువ్వు సన్యాసినివి కావని ఏదైనా రుజువు పంపు."

రుజువు సంగతి పద్మకుమారి చూసుకుంది. పైగా ఆ వీధిలో అప్పటికే ఆటోవాళ్ళు కాంతాన్ని చూసి బండి ఆపి దణ్ణం పెడుతున్నారు. గది అద్దెకిచ్చినావిడ మంచం కాళ్ళ దగ్గర పువ్వులు పెట్టింది. తెల్లచీర మార్చక తప్పదని తేలిపోయింది. అక్కడ యాత్రికులందరూ వేసుకునే, ఏనుగుబొమ్మల అద్దకంతో బుడగల్లా ఊగే పైజమా ఒకటి కొని అప్పకి తొడిగించింది. నల్లకళ్ళజోడు, గడ్డిటోపీ పెట్టించింది. వీపుకి సంచి తగిలించి ఫొటో తీసి డేవిడ్‌రాజుకి పంపించింది. ఆ ఫొటోలో ఉన్నది సన్యాసిని అని ఎవరూ అనలేరు.

డేవిడ్‌రాజు దాన్ని థామస్ అయ్యగారికి చూపించాడు. అయ్యగారి పక్కన రాజకుమారి ఉంది.

"అవి ఏనుగులేనా?" అంది. "లేకపోతే వాళ్ళ దేవుళ్ళా?"

డేవిడ్‌రాజు ఆ రాత్రి భోజనం చెయ్యలేదు.

మిగిలిన రోజులు కాంతం అనుకున్న గుడులన్నీ చూసింది. చెట్లవేళ్ళు గోడల్ని కౌగిలించుకున్న గుడి చూసింది, నాలుగువైపులా నవ్వే ముఖాలున్న గోపురాలు చూసింది. ఆ పైజమాలో ఆవిణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. కాని ఆవిడ మనసు అక్కడ లేదు. స్త్రీల సమాజం తను కష్టపడి నిలబెట్టింది. వితంతువులకి కుట్టుమిషన్లు, పిల్లలకి పాలు, అన్నీ ఆ సమాజం పేరుమీదే నడుస్తున్నాయి. ఒక చెంబుడు నీళ్ళకి అదంతా పోతుందా? ఆ ముసలమ్మ తలమీద చెయ్యి పెట్టడం తప్పా అని తనని తాను ప్రశ్నించుకుంది. తప్పని అనిపించలేదు. అదే ఆవిణ్ణి మరీ కంగారు పెట్టింది.

"నేనే రాజీనామా ఇచ్చేస్తానే పద్మా. ఆళ్ళు అడక్కముందే."

"దేనికప్పా? నీళ్ళు పోసినందుకా? మా గేదికి రోజూ పోస్తాను, నన్నెవలైనా అడిగేరా?"

విశాఖపట్నంలో విమానం దిగేసరికి జగన్నాధం బంతిపూల దండతో నిలబడి ఉన్నాడు. డేవిడ్‌రాజు కొంచెం దూరంగా, తనకి ఆ దండతో సంబంధం లేదన్నట్టు నిలబడ్డాడు. కారులో దారిపొడుగునా జగన్నాధమే మాట్లాడాడు. భోగాపురం దాటుతుంటే చెయ్యి చూపించి, "ఈపాలి మీ భక్తులు ఇక్కడే దిగిపోవచ్చు సిస్టరమ్మా, కొత్త విమానాశ్రయం" అన్నాడు. డేవిడ్‌రాజు కిటికీ అద్దం పైకెత్తాడు.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలు కూర్చున్నారు. చర్చి పక్కగదిలో ఫ్యాను తిరుగుతోంది. కాంతం మామూలు నీలంచీర కట్టుకుని వచ్చింది. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా నేర్చుకుంది. క్షమించమని అడగాలి, పదవి వదిలెయ్యాలి, ఏడవకుండా బయటికి రావాలి. కాని ఆవిడ నోరు తెరవకముందే విచారణ మొదలైపోయింది.

"విగ్రహం దగ్గర కూర్చున్న మాట నిజమేనా అమ్మా?" అన్నారు థామస్ అయ్యగారు.

"నిజమేనండి. మోకాళ్ళు నొప్పెట్టాయి."

"దానికి ఎదురుగా కూర్చున్నారా, వీపు పెట్టి కూర్చున్నారా?"

"వీపు పెట్టే కూర్చున్నానండి."

పెద్దలు ఒకరివైపు ఒకరు తల తిప్పుకున్నారు. వీపు పెట్టిందంటే నమస్కరించనట్టే. ఆ విషయం అక్కడితో అయిపోయింది. కాంతం తెల్లబోయింది. ఇంతే అయితే తను ఇన్ని రాత్రులు నిద్ర మానుకోవడం దేనికి?

"అది కాదండీ అసలు సంగతి" అని రాజకుమారి లేచింది. వీడియో ఆపి చూపించింది. "చూడండి. నీళ్ళు. మన సంఘం ఏర్పడ్డప్పటినుంచి బాప్తిస్మం అంటే మనిషిని నిండా ముంచడమే. లూథరన్లలాగా తలమీద చిలకరించడం మన పద్ధతా? అధ్యక్షురాలే చిలకరిస్తే రేపు మనం ఎవర్ని అడుగుతామండీ?"

విగ్రహం దగ్గర స్థిమితంగా ఉన్న పెద్దల ముఖాల్లో ఇప్పుడు నిజమైన కలవరం కనిపించింది.

"కాంతమ్మగారూ" అన్నారు అయ్యగారు బరువుగా. "ముంచారా? చిలకరించారా?"

"రెండూ కాదండి. పోశాను."

"పోశారా!"

"చెంబుతోనండి. నెత్తిమీద."

వెనక కూర్చున్న ఒక ముసలిపెద్ద ఉలిక్కిపడి లేచాడు. "పోసేది కేథలిక్కులు కదా!"

పది నిమిషాల కిందట కాంతం బౌద్ధురాలు. అయిదు నిమిషాల కిందట లూథరన్. ఇప్పుడు కేథలిక్. డేవిడ్‌రాజు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. కాంతానికి ఓపిక చచ్చిపోయింది.

"అయ్యగారూ, నేనెవరికీ బాప్తిస్మం ఇవ్వలేదండి. ఒకావిడ వడదెబ్బకి పడిపోయింది. నేను నర్సుని. నీళ్ళు పోశాను. ఆవిడ లేచి కూర్చుంది. అంతే."

"పడిపోయిందా?"

"పడిపోయిందండి."

"మీరు నీళ్ళు పోస్తే లేచి కూర్చుందా?"

"కూర్చోదేటండి మరి? ఎవరు పోసినా కూర్చుంటాది!"

థామస్ అయ్యగారు నెమ్మదిగా కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "దేవుని మహిమకి అది సాక్ష్యం కాకపోతే మరేది సాక్ష్యమమ్మా?" అన్నారు.

ఆ తరవాత కాంతం ఏం చెప్పినా ఎవరూ వినలేదు. రాజీనామా అనే మాట రెండుసార్లు అంది. మొదటిసారి ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది, రెండోసారి వినయం కింద జమ కట్టారు. పెద్దలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఆ పరదేశంవాళ్ళు తెలిసో తెలియకో ఆమేన్ అన్నారు. కాని నీళ్ళు మాత్రం పద్ధతి ప్రకారం పడలేదు. వాళ్ళని అలా సగం తడిపి వదిలెయ్యడం సంఘానికి మర్యాద కాదు. అందుచేత కొందరు పెద్దలు స్వయంగా అక్కడికి వెళ్ళి, ఆ మండపం చూసి, ఏం జరిగిందో, ఎంతవరకు జరిగిందో తేల్చుకుని రావాలి. దారి తెలిసిన మనిషి కనక కాంతమ్మగారే ముందు నడవాలి.

"ఆ మండపం గుడిలో ఉన్నాదండి" అని డేవిడ్‌రాజు గుర్తుచేశాడు.

"రాళ్ళే కదయ్యా" అన్నారు అయ్యగారు.

రాజకుమారి మళ్ళీ చెయ్యెత్తింది. అభ్యంతరమేమో అని అందరూ అటు తిరిగారు. "నేను కూడా వెళ్తానండి" అంది. "జరిగింది తప్పని చెప్పడానికి ఒకరుండాలి కదా. ఇంకో సంగతి, ఆ నవ్వే ముఖాల గుడి కూడా దగ్గరేనటగా? వెళ్ళినవాళ్ళం ఎలాగూ వెళ్ళాం, అక్కడ కూడా ఏమైనా పోశారేమో చూడొద్దా?"

ఆ సాయంత్రం గోడ అవతలనుంచి పద్మకుమారి అంతా విని, చాలాసేపు నవ్వి, "నేను మాత్రం రానప్పా" అంది. "నీతో ఎల్తే లోకం సూడొచ్చు. ఆళ్ళతో ఎల్తే ఆళ్ళనే సూడాలి." రాళ్ళమధ్య ఒక్కతే కూర్చోవాలన్న కోరిక ఈ జన్మకి తీరేది కాదని కాంతానికి అర్థమైపోయింది. కాని ఆ ముసలమ్మ మళ్ళీ కనపడుతుందేమోనన్న ఆశ ఎక్కడో మెదిలింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ ఒక కమిటీ వేస్తారు.

సోమవారం పొద్దున్న పాస్‌పోర్టు కార్యాలయం తలుపు తీసేసరికి సంఘపెద్దలు, వాళ్ళ భార్యలు, ఇద్దరు ముగ్గురు వియ్యంకులు మెట్లమీద బారులు తీరి ఉన్నారు. అక్కడి గుమాస్తా ఆశ్చర్యపోయి, వరసలో అందరికంటే ముందు భయంభయంగా నిలబడ్డ డేవిడ్‌రాజుని, "ఏటండీ, విదేశంలో పెళ్ళేటి?" అని అడిగాడు.

"పెళ్ళి కాదండి," అన్నాడు డేవిడ్‌రాజు, "విచారణ."